డ్రంక్ అండ్ డ్రైవ్ కేసులు కోర్టులో ఎందుకు వీగిపోతాయి? శిక్షణలో సమస్యలు - పరిష్కారాలు

మద్యం తాగి వాహనం నడిపి పట్టుబడిన వ్యక్తి మొదటి వాయిదాలోనే నేరం ఒప్పుకుని జరిమానా కట్టేస్తే, ఆ ఫైలులో ఎన్ని లోపాలున్నా ఎవరి కంటా పడవు. ముద్దాయి న్యాయవాదిని పెట్టుకుని కేసు నడిపినప్పుడో, ప్రమాదంలో ఎవరి ప్రాణమో పోయినప్పుడో అవన్నీ ఒక్కసారిగా బయటపడతాయి. పోలీసులకు, ప్రభుత్వం తరఫున వాదించే ప్రాసిక్యూటర్లకు శిక్షణ ఇచ్చేవారు దృష్టిలో పెట్టుకోవలసింది ఆ కష్టమైన కేసునే.

సమస్య: బ్రీత్ ఎనలైజర్ చూపిన అంకె క్రాస్ ఎగ్జామినేషన్‌లో నిలబడటం లేదు.

కారణం: మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ ప్రకారం 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములకు మించి ఆల్కహాల్ ఉంటే నేరం. యంత్రం కొలిచేది మాత్రం రక్తాన్ని కాదు, శ్వాసను. శ్వాసలోని ఆల్కహాల్‌ను సాధారణంగా 2,100 రెట్ల నిష్పత్తితో లెక్కగట్టి రక్తంలో ఎంత ఉందో అంచనా వేస్తుంది. ఈ సంగతి తెలియని కానిస్టేబుల్, 'అప్పుడే పుక్కిలించిన మౌత్‌వాష్ వల్ల అంకె పెరగదా?' అని అడిగితే తడబడతాడు.

పరిష్కారం: తరగతిలోనే ఒక వాలంటీరు చేత ఆల్కహాల్ ఉన్న మౌత్‌వాష్‌తో పుక్కిలింపించి వెంటనే ఊదించాలి, ఆ తర్వాత కొన్ని నిమిషాలకోసారి మళ్లీ ఊదించాలి. మొదట ఎక్కువగా కనిపించిన అంకె కళ్లముందే పడిపోవడం చూసినవారికి, పరీక్షకు ముందు 15 నిమిషాలు ఆగి, ఈలోగా ఆ వ్యక్తి ఏమీ తినకుండా, తాగకుండా గమనించడం ఎందుకో మళ్లీ చెప్పనక్కరలేదు. ఆపిన సమయం, ఊదించిన సమయం, కొత్త మౌత్‌పీస్ వాడిన విషయం అక్కడికక్కడే రాసుకోవాలి. యంత్రం సరిగ్గా కొలుస్తోందని చెప్పే కాలిబ్రేషన్ సర్టిఫికెట్ చార్జిషీటుతోపాటే దాఖలు కావాలి. ఆ సర్టిఫికెట్ తేదీ చూడకుండా ప్రాసిక్యూటర్ ఫైలును ముందుకు పంపకూడదు.

సమస్య: ప్రమాదం కేసులో రక్తపరీక్ష నివేదిక అక్కరకు రావడం లేదు, లేదా నివేదికే లేదు.

కారణం: గాయపడినవారిని ఆసుపత్రికి చేర్చే హడావుడిలో గంటలు గడిచిపోతాయి, ఈలోగా శరీరం ఆల్కహాల్‌ను కరిగించేస్తూ ఉంటుంది. డ్యూటీ డాక్టరు అలవాటు ప్రకారం స్పిరిట్ దూదితో చర్మం తుడిచి రక్తం తీస్తారు, స్పిరిట్ కూడా ఆల్కహాలే కాబట్టి నివేదికపై అభ్యంతరం వస్తుంది. రక్తం పాడవకుండా కాపాడే సోడియం ఫ్లోరైడ్ సీసాలో లేకపోతే నిల్వలో సూక్ష్మజీవుల వల్ల ఫలితం మారవచ్చు. వాసన వస్తోందనీ, నడక తూలుతోందనీ రాసిన డాక్టరు అభిప్రాయంతో సరిపెట్టుకుంటే, రక్త, మూత్ర పరీక్షలు లేని అలాంటి సాక్ష్యం చాలదని సుప్రీంకోర్టు బచూభాయ్ హసనల్లీ కర్యానీ కేసులో 1971లోనే చెప్పింది.

పరిష్కారం: శిక్షణలో పోలీసు, ప్రాసిక్యూటర్‌తోపాటు డ్యూటీ డాక్టరును కూడా కూర్చోబెట్టాలి, ఈ మాట ఎంత గట్టిగా చెప్పినా తక్కువే. మోటారు వాహనాల చట్టం 202వ సెక్షన్ కింద అరెస్టు చేసిన వ్యక్తికి రెండు గంటల్లోగా వైద్యపరీక్ష జరగకపోతే కస్టడీ నుంచి విడుదల చేయాలన్న నియమం, మహిళ రక్తనమూనాను మగ డాక్టరు తీయాల్సి వస్తే, డాక్టరైనా కాకపోయినా మరో మహిళ సమక్షంలోనే తీయాలన్న 204వ సెక్షన్ నియమం పోలీసుకూ, డాక్టరుకూ ఒకేలా తెలిసి ఉండాలి. సీసాకు సీలు వేసింది మొదలు ఫోరెన్సిక్ ల్యాబ్‌లో అందేవరకు అది ఎవరి చేతుల్లో ఉందో రాతలో ఉండాలి.

సమస్య: శిక్ష పడిన వ్యక్తి లైసెన్సు జేబులో పెట్టుకుని అదే సాయంత్రం బండి నడుపుతున్నాడు.

కారణం: జరిమానాతో కేసు అయిపోయిందనుకోవడం. 185వ సెక్షన్ కింద దోషిగా తేలితే కనీసం ఆరు నెలలు లైసెన్సుకు అనర్హుణ్ని చేయాలని 20వ సెక్షన్ రెండో ఉపసెక్షన్ కోర్టును ఆదేశిస్తోంది. రోజుకు పదుల కేసులు చూసే మేజిస్ట్రేట్ దృష్టి నుంచి ఇది జారిపోవచ్చు.

పరిష్కారం: ఆ ఉపసెక్షన్‌ను గుర్తుచేయడం ప్రాసిక్యూటర్ విధి అని స్పష్టంగా నేర్పాలి. రెండోసారి దొరికినవారి విషయంలో పాత తీర్పు నకలు దాఖలు చేయడమూ ఆయన పనే, అది లేకపోతే రెండేళ్ల వరకు జైలు పడగల నేరానికి మొదటిసారి శిక్షే పడుతుంది.

సమస్య: ప్రాణం పోయిన కేసును నిర్లక్ష్యంగా నడిపిన మామూలు ప్రమాదంగానే నమోదు చేస్తున్నారు.

కారణం, పరిష్కారం: తాగి నడిపితే ప్రాణం పోవచ్చని తెలిసే నడిపాడా అన్నదే ఇక్కడ ప్రశ్న. ముంబయికి చెందిన ఆలిస్టర్ ఆంథోనీ పరేరా కేసులో సుప్రీంకోర్టు 2012లో, హత్య కిందకు రాని నరహత్యగా విధించిన శిక్షను సమర్థించింది. వేగం, దారి, హెచ్చరించిన తోటి ప్రయాణికుడి మాట వంటి ఆధారాలు మొదటి రోజే సేకరించాలి.

సమస్య: ఇన్ని శిక్షణలు ఇచ్చినా అవే తప్పులు జరుగుతున్నాయి.

కారణం: పోలీసులకు అకాడమీలో చెప్పిన పాఠం ప్రాసిక్యూటర్‌కు తెలియదు. ప్రాసిక్యూటర్ కోర్టులో ఎదుర్కొన్న ప్రశ్నలు కానిస్టేబుల్ దాకా తిరిగి రావు.

పరిష్కారం: కేసు ముగిసిన ఒక పాత ఫైలులో పేర్లు తీసేసి, పోలీసు, డాక్టరు, ప్రాసిక్యూటర్ కలిసి దానిపై నమూనా విచారణ జరపాలి. న్యాయాధికారులను మాత్రం ఆ గదిలో కూర్చోబెట్టకూడదు. యంత్రం పనితీరుతోపాటు దాని పరిమితులు, దానిపై వచ్చే సహేతుకమైన అభ్యంతరాలు వారికి జ్యుడీషియల్ అకాడమీలో, ఏ పక్షానికీ చెందని శాస్త్రవేత్తలు చెప్పాలి. అప్పుడే ముద్దాయి వేసే సరైన ప్రశ్నను వారు సరైన ప్రశ్నగా గుర్తించగలుగుతారు.