ఇంటర్ అయ్యాక చదువుకు స్కాలర్‌షిప్ తెచ్చుకోవడం ఎలా?

ఇంటర్ ఫలితాలు వచ్చాయంటే చాలు, మా పొదిలి చుట్టుపక్కల ఊళ్ల నుంచి తల్లిదండ్రులు పిల్లల్ని వెంటబెట్టుకుని మా ఇంటికి వస్తారు. ఈ దరఖాస్తులు చేయించడం నాకు ఏళ్ల తరబడి అలవాటు. మార్కులుండి, అర్హత ఉండి, డబ్బు మాత్రం చేతికందని పిల్లల్ని చూస్తే కడుపు తరుక్కుపోతుంది. ఎక్కువమందికి దెబ్బ తగిలేది ఒకే చోట, బ్యాంకు ఖాతా దగ్గర.

ముందు కాగితాలు. పది, ఇంటర్ మెమోలు, ఆధార్, కులం, ఆదాయం సర్టిఫికెట్లు, రైస్ కార్డు, పాస్‌బుక్. లేనివాటికి సచివాలయంలో ఇప్పుడే పెట్టండి. ఐదు సెట్లు జిరాక్స్ తీయించండి, నాలుగు చాలవు. పది మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉండి, ఆధార్‌లో ఒక్క అక్షరమే ఉంటే ఆధార్‌నే మెమోకు తగ్గట్టు మార్పించండి.

ఇక ఏది మీకు వస్తుందో చూసుకోండి. కాలేజీ ఫీజు మన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమే భరించే ఫీజు రీయింబర్స్‌మెంట్‌కు కన్వీనర్ కోటా సీటు (కౌన్సెలింగ్‌లో వచ్చినది), 75 శాతం హాజరు ఉండాలి. మేనేజ్‌మెంట్ సీటుకు అది రాదు. ‘తర్వాత చూసుకుందాం రండి’ అని ఎవరు చెప్పినా నమ్మకండి. కేంద్రం ఇచ్చే సెంట్రల్ సెక్టార్ స్కాలర్‌షిప్ ఇంటర్‌లో పై 20 శాతంలో నిలిచిన పిల్లలకు. కుటుంబ ఆదాయం ఏడాదికి 4.5 లక్షలు దాటకూడదు. డిగ్రీలో ఏడాదికి 12,000 రూపాయలు వస్తాయి. ఫీజు రీయింబర్స్‌మెంట్ తీసుకుంటూ దీన్ని కూడా తీసుకోవడం కుదరదు. లెక్క వేసుకుని ఏది ఎక్కువో దానికే పెట్టండి. ఇంజినీరింగ్, డిప్లొమాలో చేరే ఆడపిల్లలకు ఏఐసీటీఈ (సాంకేతిక విద్యను చూసే కేంద్ర సంస్థ) వారి ప్రగతి స్కాలర్‌షిప్ ఉంది. ఆదాయం 8 లక్షల లోపుంటే ఏడాదికి 50,000. ఒక ఇంట్లో ఇద్దరమ్మాయిల వరకు ఇస్తారు. మన వైపు దీని సంగతి తెలిసినవాళ్లు చాలా తక్కువ, అదే నా బాధ.

కేంద్రం పథకాలకు నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో వన్ టైమ్ రిజిస్ట్రేషన్ చేసుకోవాలి. 14 అంకెల నంబరు వస్తుంది. దాన్ని నోటుబుక్కులో రాసుకోండి. ఈ పని మీ ఫోన్‌లోనే చేయండి, నెట్ సెంటర్‌కు వెళ్లొద్దు. అక్కడ తొందరలో వాళ్ల ఫోన్ నంబరో, వాళ్ల మెయిలో పెట్టేస్తారు. రెండో ఏడాది రెన్యువల్‌కు ఓటీపీ ఎవరికో వెళ్తుంది, మీరు వాళ్ల చుట్టూ తిరగాలి. గంట ఆలస్యమైనా సొంత ఫోనే మేలు.

ఇప్పుడు అసలు సంగతి. కేంద్రం డబ్బు మీరు ఫారంలో రాసిన ఖాతా నంబరు చూసి రాదు, ఆధార్ చూసి వస్తుంది. మీ ఆధార్ ఎన్‌పీసీఐ (బ్యాంకుల మధ్య చెల్లింపులు నడిపే సంస్థ) దగ్గర ఏ బ్యాంకుకు మ్యాప్ అయి, అంటే జతపడి ఉంటే ఆ బ్యాంకులోనే పడుతుంది. ఒక ఆధార్‌కు ఒకసారి ఒక్క బ్యాంకే. ‘మా ఖాతాకు ఆధార్ లింక్ అయింది సార్’ అంటారు. ఆ లింకు వేరు, ఈ మ్యాపింగ్ వేరు. కేవైసీ (ఖాతాదారు గుర్తింపు వివరాలు) కోసం బ్యాంకు మీ ఆధార్ నంబరు ఎక్కించుకున్నంత మాత్రాన డబ్బు అక్కడికి రాదు.

మా వీధిలో ఒకమ్మాయికి ఇదే జరిగింది. స్కూల్లో ఉన్నప్పుడు ఒక బ్యాంకులో ఖాతా తీశారు. కాలేజీలో చేరాక క్యాంపు పెట్టారని ఇంకో బ్యాంకులో తీశారు. మ్యాపింగ్ అక్కడికి మారిన సంగతి ఎవరూ చెప్పలేదు. వాళ్లమ్మ పాత పాస్‌బుక్ పట్టుకుని నెలనెలా వెళ్లి ప్రింట్ వేయించుకుని వచ్చేది. పరీక్ష ఫీజు కోసం కమ్మలు కుదువ పెట్టింది. చివరికి రెండో పాస్‌బుక్ తెమ్మన్నాను. ప్లాస్టిక్ కవరు కూడా విప్పలేదు. ప్రింట్ వేయిస్తే 12,000 అందులో ఎనిమిది నెలలుగా ఉంది.

అందుకే దరఖాస్తుకు ముందే మైఆధార్ సైట్‌లో ఓటీపీతో లాగిన్ అయి ‘బ్యాంక్ సీడింగ్ స్టేటస్’ చూడండి. సీడింగ్ అన్నా ఈ మ్యాపింగే. బ్యాంకు పేరు, యాక్టివ్‌గా ఉందో లేదో చూపిస్తుంది. ఖాతా నంబరు చూపించదు. అదే బ్యాంకులో రెండు ఖాతాలుంటే డబ్బు ఏ ఖాతాలో పడుతుందో బ్రాంచిలో అడిగి తెలుసుకోవాలి. మార్చాలంటే మీకు కావలసిన బ్యాంకుకు వెళ్లి, ఆధార్ సీడింగ్ ఫారం నింపి, పాత బ్యాంకు పేరు రాసి, ‘ఎన్‌పీసీఐ మ్యాపింగ్ చేయండి’ అని నోరు తెరిచి అడగండి. ‘లింక్ చేయండి’ అంటే కేవైసీ చేసి పంపేస్తారు. నాలుగు రోజులాగి మళ్లీ చూడండి. మారినట్టు కళ్లారా చూసేదాకా పని అయిపోయిందనుకోవద్దు.

మైనర్‌గా తీసిన ఖాతా అయితే ఇంకో జాగ్రత్త. 18 నిండగానే కొత్తగా కేవైసీ, సంతకం ఇవ్వాలి, లేదంటే ఖాతా ఆగిపోతుంది. ఇంటర్ అయిన పిల్లల్లో చాలామందికి సరిగ్గా ఈ ఏడాదే 18 నిండుతాయి. పుట్టినరోజు దాటిన వారంలో బ్యాంకుకు వెళ్లండి.

దరఖాస్తు పంపాక కాలేజీ వెరిఫై చేయాలి. వారానికోసారి స్టేటస్ చూడండి. ‘డిఫెక్ట్’ అని వస్తే గడువులోగా సరిచేయాలి, గడువు దాటితే ఆ ఏడాది పోయినట్టే.

ఇవన్నీ చాలకపోతే విద్యా రుణం. 4 లక్షల వరకు మార్జిన్ (మన చేతి నుంచి పెట్టాల్సిన వాటా) కట్టక్కర్లేదు, 7.5 లక్షల వరకు ఆస్తి తాకట్టు అక్కర్లేదు. బ్రాంచిలో పొలం కాగితాలు అడిగితే ఈ మాట చెప్పి, విద్యాలక్ష్మి పోర్టల్‌లో పెట్టిన దరఖాస్తు నంబరు చూపించండి.