పాత స్కిడ్ స్టీర్ లోడర్‌లో ఆక్జిలరీ లైన్ పరీక్ష: సమస్య - పరిష్కారం

విశాఖపట్నంలో అమ్మకానికి వచ్చే పాత స్కిడ్ స్టీర్ లోడర్లలో (ఇరుకు చోట్ల తిరిగే చిన్న లోడర్లు) కొన్ని ఓడరేవు పరిసరాల్లోని యార్డుల్లో, బొగ్గు, ఎరువుల ధూళి మధ్య పనిచేసినవి. అమ్మేవారు సాధారణంగా బకెట్ ఎత్తి దించి చూపిస్తారే తప్ప, బ్రేకర్, స్వీపర్, ఆగర్ వంటి అటాచ్‌మెంట్లను నడిపే ఆక్జిలరీ లైన్ (అదనపు హైడ్రాలిక్ ఆయిల్ మార్గం) జోలికి పోరు. ఆ లైన్ బలహీనంగా ఉందని తేలితే మాత్రం అందరూ ముందుగా పంపునే అనుమానిస్తారు. అది తొందరపాటు, ఖర్చుతో కూడిన తొందరపాటు కూడా.

పరీక్షకు ముందు ఆర్మ్‌లను నేలకు దించాలి. లీకేజీని చేత్తో తడిమి చూడకూడదు. సూదిమొనంత రంధ్రం నుంచి వచ్చే ఆయిల్ కూడా చర్మంలోకి దూసుకుపోతుంది కనుక అట్టముక్కను అడ్డుపెట్టి చూడాలి. అలాంటి గాయమైతే, పైకి ఎంత చిన్నదిగా కనిపించినా, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

సమస్య: అటాచ్‌మెంట్ అసలు కదలదు

మొదట కప్లర్లను (హోసులను యంత్రానికి కలిపే జాయింట్లు) చూడాలి. సముద్రపు గాలికి తుప్పుపట్టిన కప్లర్ పైకి పట్టుకున్నట్టే ఉన్నా, లోపలి వాల్వ్ పూర్తిగా తెరుచుకోకపోతే ఆయిల్ ముందుకు పోదు. శుభ్రం చేసినా కాలర్ సులువుగా జరగకపోతే జతను మార్చడమే మేలు. కప్లర్లు బాగుంటే సీటు బార్, సీటు స్విచ్ (డ్రైవర్ సరిగా కూర్చోకపోతే హైడ్రాలిక్స్‌ను ఆపేవి), ఫ్యూజ్ చూసి, ఆ తర్వాత సొలెనాయిడ్ (కరెంటుతో వాల్వ్‌ను కదిలించే భాగం) దగ్గరికి రావాలి. స్విచ్ నొక్కించి, దాని కాయిల్ నట్టుకు స్క్రూడ్రైవర్ మొన ఆనిస్తే అయస్కాంతంలా లాగాలి. లాగకపోతే ప్లగ్ దగ్గర మల్టీమీటర్‌తో వోల్టేజ్ చూడాలి. బ్యాటరీ వోల్టేజ్ వస్తున్నా లాగకపోతే కాయిల్ పోయింది. రాకపోతే తప్పు వైరింగ్‌లోనో స్విచ్‌లోనో ఉంది. కాయిల్ లాగుతూనే ఉండి పని జరగకపోతే స్పూల్ (వాల్వ్ లోపల జరుగుతూ ఆయిల్ దారిని మార్చే కడ్డీ) బిగుసుకుపోయి ఉండవచ్చు.

సమస్య: కప్లర్ ఎక్కడం లేదు

లైన్‌లో ప్రెషర్ చిక్కుకుపోయింది. ఎండలో పడి ఉన్న అటాచ్‌మెంట్ హోసుల్లో ఆయిల్ వ్యాకోచించి ఇలా అవుతుంది. మే నెలలో మధ్యాహ్నం యంత్రం చూడటానికి వెళ్తే ఇది ఎదురయ్యే అవకాశం ఎక్కువ. ఆ యంత్రం మాన్యువల్‌లో చెప్పిన పద్ధతిలో ప్రెషర్ వదిలించాలి. సుత్తితో కొడితే కప్లర్ ముఖం చెడి, అక్కడినుంచే కారుతుంది.

సమస్య: మొదట బాగానే తిరిగి, వేడెక్కాక నీరసిస్తుంది

అసలు పరీక్ష ఇక్కడే. చల్లటి ఆయిల్ చిక్కగా ఉండి పంపు లోపలి అరుగుదలను కప్పిపుచ్చుతుంది కాబట్టి, స్టార్ట్ చేసిన వెంటనే చూసిన పనితీరును నమ్మకూడదు. ప్రెషర్ గేజ్ ఒక్కటే పెట్టినా చాలదు, ఎందుకంటే అరిగిన పంపు కూడా దారి మూసేస్తే ప్రెషర్ చూపించగలదు. పని చేసేది ప్రెషర్‌తో పాటు వచ్చే ఫ్లో (నిమిషానికి పారే ఆయిల్). లోడ్ వాల్వ్ (ఆయిల్ దారిని బిగించి లోడు పెట్టేది) ఉన్న ఫ్లో మీటర్‌ను రెండు కప్లర్ల మధ్య కలిపి, వాల్వ్ పూర్తిగా తెరిచి, ఆయిల్ 50 డిగ్రీలు దాటేవరకు నడపాలి. ఇంజిన్ పూర్తి వేగాన్ని అందుకుంటోందో లేదో కూడా చూసుకోవాలి. డీజిల్ ఫిల్టర్ మూసుకుపోయి వేగం తగ్గితే ఫ్లో కూడా అదే నిష్పత్తిలో తగ్గుతుంది, నింద మాత్రం పంపు మీద పడుతుంది.

తర్వాత వాల్వ్‌ను మెల్లగా బిగిస్తూ ప్రతి 30 బార్లకూ (బార్ అంటే ప్రెషర్ కొలత) ఫ్లో రాసుకోవాలి. ఉదాహరణకు లోడ్ లేనప్పుడు నిమిషానికి 75 లీటర్లు వచ్చి, ప్రెషర్ పెరిగేకొద్దీ క్రమంగా జారి 140 బార్ల దగ్గర 52 లీటర్లకు పడిపోతే, ఎక్కడో లోపల లీకవుతోంది. అలా కాకుండా 75 దగ్గరే నిలబడి, 150 బార్ల దగ్గర ఒక్కసారిగా కూలిపోతే, రిలీఫ్ వాల్వ్ (ప్రెషర్ మితిమీరకుండా తెరుచుకునే వాల్వ్) ముందే తెరుచుకుంటోంది. స్టాండర్డ్ ఫ్లో (హై ఫ్లో కాని, మామూలు ఆయిల్ ఫ్లో ఉన్న) యంత్రాలు చాలావాటికి రిలీఫ్ సుమారు 200 బార్లు, ఆపైన ఉంటుంది. కచ్చితమైన అంకె మాన్యువల్‌లోదే. రిలీఫ్‌ను శుభ్రం చేసి ఆ అంకెకు సెట్ చేయాలి, అంతకు మించి బిగించకూడదు.

క్రమంగా జారినా పంపు దోషి అని అప్పుడే తేల్చకూడదు. చాలా యంత్రాల్లో లిఫ్ట్, టిల్ట్, ఆక్జిలరీ మూడింటికీ ఒకే పంపు. వేడి ఆయిల్‌తో ఆర్మ్‌లు లోడును చురుగ్గా ఎత్తుతుంటే, లోపం ఆక్జిలరీ స్పూల్‌లో వెతకాలి. అవీ మందగిస్తేనే పంపు, సక్షన్ లైన్ (ట్యాంకు నుంచి పంపుకు ఆయిల్ వచ్చే దారి), మెయిన్ రిలీఫ్ వరుసలోకి వస్తాయి. గాజువాక ఆటోనగర్‌లో హైడ్రాలిక్ పని తెలిసిన మెకానిక్‌ను వెంట తీసుకెళ్లినా ఈ పరీక్ష చేయించుకోవచ్చు.

ఆయిల్ పాలలా తెల్లగా ఉంటే నీరు చేరింది, నురగ కడుతుంటే గాలి పీలుస్తోంది. మొదటిదానికి ఆయిల్, ఫిల్టర్ మార్చి నీరు వచ్చిన దారి మూయాలి. రెండోదానికి ఆయిల్ మట్టం, సక్షన్ హోస్ క్లాంపులు చూడాలి.

కేస్ డ్రెయిన్ (మోటార్ లోపల కారిన ఆయిల్‌ను ట్యాంకుకు పంపే దారి) అవసరమైన మోటార్ ఉన్న అటాచ్‌మెంట్‌ను పరీక్షిస్తుంటే ఆ సన్నటి మూడో హోస్‌ను కూడా తప్పక కలపాలి. కలపకుండా తిప్పితే మోటార్ షాఫ్ట్ సీల్ పగిలిపోతుంది.