సెకండ్ హ్యాండ్ కెమెరా: షాపులో 'మింట్ కండిషన్' అంటే ఏం అడగాలి

వాడిన కెమెరా కొనడానికి వెళ్తే 'మింట్', 'లైక్ న్యూ', '10కి 9' అంటారు కదా, వీటికి అందరూ ఒప్పుకున్న కొలతంటూ ఏదీ లేదు, ఒక షాపులో 9 అన్నది పక్క షాపులో 7 అవుతుంది. అందుకే నేను "అన్నా, 9 అన్నావు, ఆ ఒక్క మార్కు ఎక్కడ పోయింది?" అని అడుగుతా. నిజాయితీ ఉన్నోడు వెంటనే ఇక్కడ గీత ఉంది, ఈ గ్రిప్ రబ్బరు లేచింది అని చూపిస్తాడు. "అంతా సూపర్ సార్" అన్నాడా, ఇక మనమే వెతుక్కోవాలి.

నేనొకసారి అలాగే 'మింట్' అన్నారని 50 ఎంఎం లెన్స్ తెచ్చుకున్నా, ఇంటికొచ్చి ఫోన్ టార్చ్ కొట్టి చూస్తే లోపల అంచున సాలెగూడు లాగా సన్నటి పోగులు, ఫంగస్. ఫోన్ చేస్తే "దుమ్ము సార్, లెన్స్ అన్నాక ఉంటది" అన్నాడు. దుమ్ము చుక్కల్లా ఉంటుంది, పోగుల్లా అల్లుకోదు. కాబట్టి షాపులోనే అపర్చర్, అంటే లెన్స్‌లో వెలుతురు వచ్చే రంధ్రం, ఫుల్లుగా తెరిచి, వెనక నుంచి టార్చ్ కాస్త ఏటవాలుగా వేసి చూడండి.

బాడీకైతే షట్టర్ కౌంట్ చూడాలి, అంటే ఇప్పటిదాకా షట్టర్ ఎన్నిసార్లు క్లిక్కుమందో ఆ లెక్క. నికాన్‌లో కెమెరా నుంచి నేరుగా వచ్చిన జేపెగ్ ఫైల్‌లోనే ఆ నంబర్ ఉంటుంది, కాకపోతే వాట్సాప్‌లో మామూలు ఫోటోగా పంపితే ఎగిరిపోతుంది, డాక్యుమెంట్‌గా పంపమనండి. నికాన్ డీ750 అనే కెమెరా షట్టర్‌ని కంపెనీ లక్షా 50 వేల క్లిక్కులకి టెస్ట్ చేసింది, 90 వేలున్నా కంగారు పడక్కర్లేదు, రేటు తగ్గాలి అంతే. అసలు మోసపోయేది తక్కువ కౌంట్ చూసే! పెళ్లి వీడియోలకి తిప్పిన మిర్రర్‌లెస్‌కి (లోపల అద్దం లేని కెమెరా) కౌంట్ 8 వేలే ఉండొచ్చు, వీడియో గంటలు అందులో లెక్కకి రావు మరి. అలా వీడియోలకి వాడారేమో తెలియాలంటే హెచ్‌డీఎంఐ పోర్ట్ లూజుగా ఉందా, కింద ట్రైపాడ్ బిగించే చోట పెయింట్ అరిగిందా చూడండి. స్క్రూల తలలు చెదిరి ఉంటే ఎవరో విప్పారనే. సెన్సార్‌కి, అంటే లోపల ఫోటో పడే చిప్‌కి, అపర్చర్ బాగా చిన్నది చేసి ఎఫ్/16లో తెల్లగోడ ఫోటో ఒకటి తీస్తే చాలు, మరకలన్నీ కనిపిస్తాయి.

బిల్లు మీద సీరియల్ నంబర్, షట్టర్ కౌంట్, వాళ్లు చెప్పిన లోపాలు, ఎన్ని రోజుల్లో వాపస్ తీసుకుంటారో రాయించుకోండి. రాయనంటే నేనైతే లేచి వచ్చేస్తా, కోఠిలో ఇంకో షాపు పది అడుగుల దూరంలోనే ఉంటుంది.