ద్రవాల సాంద్రత లెక్క కొలతతో కలవనప్పుడు: లక్షణం, కారణం, పరిష్కారం

లెక్కించిన సాంద్రత కొలిచిన విలువతో కలవకపోతే వెంటనే సమీకరణాన్ని మార్చకూడదు. ఆ తేడా ఉష్ణోగ్రతను బట్టి మారుతోందా, మిశ్రమ నిష్పత్తిని బట్టి మారుతోందా, పీడనాన్ని బట్టి మారుతోందా అన్నది ముందుగా గమనించాలి. అంతకన్నా ముందు రెండు విలువలూ ఒకే ఉష్ణోగ్రతకు చెందినవేనని నిర్ధారించుకోవాలి. గది ఉష్ణోగ్రత దగ్గర ఇథనాల్ సాంద్రత ఒక్కో డిగ్రీకి ఘనపు మీటరుకు సుమారు 0.85 కిలోగ్రాముల చొప్పున తగ్గుతుంది.

లక్షణం: శుద్ధ ద్రవానికే తేడా వస్తోంది.

సిమ్యులేటర్‌లో సాంద్రతను కూడా స్థితి సమీకరణమే (పీడనం, ఘనపరిమాణం, ఉష్ణోగ్రతల సంబంధాన్ని చెప్పే సూత్రమే) లెక్కిస్తుంటే కారణం చాలావరకు అదే. సోవే-రెడ్లిక్-క్వాంగ్ సమీకరణం అన్ని పదార్థాలకూ సందిగ్ధ సంపీడ్యతా గుణకాన్ని (ద్రవానికీ వాయువుకూ భేదం మాయమయ్యే సందిగ్ధ స్థితిలో పదార్థం ఆదర్శ వాయువు నుంచి ఎంత తేడాగా ఉంటుందో చెప్పే సంఖ్యను) 0.333గా, పెంగ్-రాబిన్సన్ 0.307గా నిర్ణయించేస్తాయి, నీటి అసలు విలువ మాత్రం 0.229. అందుకే ద్రవ సాంద్రత లెక్క తప్పుతుంది. ప్రావస్థల సమతాస్థితిని (ద్రవం, ఆవిరి కలిసి నిలిచే స్థితిని) ఆ సమీకరణానికే వదిలి, సాంద్రతకు స్పెన్సర్, డానర్ 1972లో సవరించిన రాకెట్ (Rackett) సమీకరణాన్నో, 1979 నాటి కాస్టాల్డ్ (COSTALD) పద్ధతినో ఎంచుకోవాలి; ఈ రెండూ ద్రవ సాంద్రత కోసమే ఉద్దేశించినవి. నమ్మదగిన కొలత ఒక్కటి చేతిలో ఉన్నా, రాకెట్ స్థిరాంకాన్ని దానికి సరిపోయేలా సర్దుకోవచ్చు.

లక్షణం: విడి ద్రవాలకు లెక్క సరిపోతోంది, కలిపితే తప్పుతోంది.

ఇక్కడ రెండు తప్పులు ఒకదాన్నొకటి కప్పిపుచ్చుకునే ప్రమాదం ఉంది. 20 డిగ్రీల సెల్సియస్ వద్ద నీటి సాంద్రత ఘనపు మీటరుకు 998.2, ఇథనాల్‌ది 789.3 కిలోగ్రాములు. రెండింటినీ బరువులో సగం సగం కలిపామనుకుందాం. సాంద్రతలకు నేరుగా సగటు కడితే 894 వస్తుంది, కానీ ఆ పద్ధతి తప్పు. ఆదర్శ మిశ్రమంలో కూడవలసినవి ఘనపరిమాణాలు కాబట్టి, ఒక్కో ద్రవ్యరాశి భాగాన్ని దాని సాంద్రతతో భాగించి, వచ్చిన వాటిని కూడి, ఆ మొత్తానికి విలోమం తీయాలి. అప్పుడు వచ్చేది 881.5. కొలిస్తే తేలేది సుమారు 914. తప్పుడు సగటే నిజానికి దగ్గరగా కనిపించడం కేవలం యాదృచ్ఛికం. దాన్ని నమ్మి మరో జంట ద్రవాలకు వాడితే ఆ అదృష్టం తోడు రాకపోవచ్చు.

అసలు కారణం మిశ్రమం కుంచించుకుపోవడం. 50 మిల్లీలీటర్ల నీటికి 50 మిల్లీలీటర్ల ఇథనాల్ కలిపితే వచ్చేది దాదాపు 96.5 మిల్లీలీటర్లే. హైడ్రోజన్ బంధాలు బలంగా ఉన్న ఇలాంటి జంటలకు వేర్వేరు నిష్పత్తుల వద్ద కొలిచిన అదనపు ఘనపరిమాణాన్ని (నిజ ఘనపరిమాణానికీ ఆదర్శ ఘనపరిమాణానికీ ఉన్న తేడాను; మిశ్రమం కుంచించుకుపోతే ఇది రుణాత్మకం) రెడ్లిక్-కిస్టర్ బహుపదితో అమర్చి, ఆదర్శ ఘనపరిమాణానికి కలపడమే సరైన దారి. ఒకే కోవకు చెందిన హైడ్రోకార్బన్లకు సాధారణంగా ఇంత శ్రమ అక్కరలేదు.

లక్షణం: పీడనం పెరిగేకొద్దీ తేడా పెరుగుతోంది.

రాకెట్ సమీకరణం సంతృప్త ద్రవానికే (తన ఆవిరితో సమతాస్థితిలో ఉన్న ద్రవానికే) వర్తిస్తుంది, అందులో పీడనానికి చోటు లేదు. పీడనాన్ని బట్టి ద్రవ సాంద్రత ఎలా మారుతుందో చెప్పే టేట్ సమీకరణంతో సవరణ చేయాలి. నీటికి 100 బార్ల వద్ద వచ్చే మార్పు అర శాతం మాత్రమే కాబట్టి, తక్కువ పీడనాల్లో దీన్ని వదిలేయవచ్చు.

లక్షణం: మిశ్రమంలో వాయువు కరిగి ఉన్నప్పుడు లెక్క అసలు సాగడం లేదు.

మీథేన్ సందిగ్ధ ఉష్ణోగ్రత మైనస్ 82.6 డిగ్రీల సెల్సియస్; అంతకు పైన దానికి శుద్ధ ద్రవ రూపమే ఉండదు కనుక, కూడేందుకు దాని ద్రవ ఘనపరిమాణమూ ఉండదు. అలాంటప్పుడు మొత్తం మిశ్రమానికి ఒకే కల్పిత సందిగ్ధ ఉష్ణోగ్రతను తీసుకునే రాకెట్ లేదా కాస్టాల్డ్ మిశ్రమ నియమాలనే వాడాలి.