డిస్క్ బ్రేక్ బోల్టు రావట్లేదా? బలం పెట్టే ముందు ఇది చదవండి

సైకిల్ డిస్క్ బ్రేక్ బోల్టు జామ్ అయిపోయిందని తెచ్చేవాళ్ళలో చాలామంది దాని తల మొత్తం అరగదీసేశాకే తెస్తారు. తల బాగున్నంతసేపు బోల్టు ఎంత పట్టేసినా పెద్ద పని కాదు, తల గుండ్రంగా అయిపోయాకే అసలు తలనొప్పి. అందుకని కీ పెట్టి రెండోసారి గట్టిగా తిప్పాలనిపించినప్పుడే ఆగండి. చక్రం ఎలా ఊడదియ్యాలి, ఎటు తిప్పితే లూజ్ అవుతుంది లాంటివి మీకు తెలుసు అనుకునే రాస్తున్నా.

ఏ బోల్టుకి ఏ కీ అన్నది ఒకసారి అనుకుందాం. డిస్క్ ప్లేట్‌ని హబ్‌కి, అంటే చక్రం మధ్య భాగానికి, పట్టి ఉంచే ఆరు బోల్టులు ఎం5 సైజు (5 ఎంఎం మందం), దాదాపు అన్నిటికీ టీ25 టార్క్స్ (నక్షత్రం ఆకారం గుంట), కొన్ని చవక సైకిళ్ళకి మాత్రం 4 ఎంఎం ఎలన్ (ఆరు పలకల గుంట) ఉంటుంది. డిస్క్‌ని నొక్కే ప్యాడ్‌లు ఉండే క్యాలిపర్‌ని ఫోర్క్‌కి బిగించేవి మౌంటెన్ బైకుల్లో, హైబ్రిడ్‌లలో ఎక్కువగా ఎం6, 5 ఎంఎం ఎలన్. ఆ ప్యాడ్‌లని పట్టి ఉంచే పిన్నుకి 3 ఎంఎం లేదా 2.5 ఎలన్, కొన్ని షిమానో కంపెనీ వాటికి మామూలు స్క్రూడ్రైవర్ గాడి.

కీ జారుతోంది, లోపల సరిగ్గా కూర్చోవట్లేదు

మట్టి. ఇంకేం కాదు, మట్టి. వర్షంలో తిరిగిన సైకిల్ అయితే బోల్టు తల గుంటలో బురద చేరి ఎండి సిమెంటులా గడ్డకట్టేస్తుంది, పైకి చూస్తే గుంట మామూలుగానే ఉన్నట్టుంటుంది గానీ టీ25 సగం లోతే దిగుతుంది, ఆ సగం లోతు మీద బలం పెడితే అంచులు కొట్టుకుపోతాయి. పాత స్పోకు ముక్క తీసుకుని కొన సన్నగా అరగదీసి గుంట అడుగు దాకా గీకండి, ఒక్కో మూలా తిప్పి తిప్పి గీకండి, అడుగున ఇనుము మెరిసేదాకా. తర్వాత కీ పెట్టి వెనక నుంచి చిన్న సుత్తితో రెండు దెబ్బలు మెల్లగా వెయ్యండి, టక్కున అడుగుకి తగిలిన శబ్దం వస్తుంది, అప్పుడే తిప్పండి. ఇంత చిన్న పని ఎందుకు ఎగ్గొడతారో నాకు ఈ రోజుకీ అర్థం కాదు.

రెండోది కీ వైపు చూడటం. మల్టీటూల్‌లో వచ్చే టీ25 ముక్క పొట్టిగా ఉంటుంది, కొన గుండ్రంగా అరిగి ఉంటుంది, పైగా నిటారుగా పెట్టడానికి చోటు ఉండదు. దాంతో విప్పొద్దు. టీ హ్యాండిల్ ఉన్న మంచి టీ25 ఒకటి కొనుక్కోండి. టార్క్స్ గుంటలో 4 ఎంఎం ఎలన్ ఇరికించి తిప్పేవాళ్ళు కూడా ఉన్నారు, వాళ్ళకి చెప్పేదేం లేదు.

కీ బాగానే పట్టింది, తుప్పు లేదు, అయినా కదలట్లేదు

ఇదే నన్ను ఎక్కువ ఏడిపించింది, ఇదే అందరూ తప్పుగా అర్థం చేసుకునేది కూడా. సైకిల్ కొత్తది, బోల్టు నల్లగా నిగనిగలాడుతోంది, గుంట శుభ్రంగా ఉంది, అయినా ఇసుమంత కూడా కదలదు. అప్పుడు అందరూ చేసేది ఒకటే, డబ్ల్యూడీ-40 కొట్టి రాత్రంతా వదిలేసి పొద్దున్నే ఇంకా పొడుగు కీ తెచ్చి తిప్పడం. తల పోతుంది.

అక్కడున్నది తుప్పు కాదు, మరలకి రాసిన గమ్. కంపెనీ నుంచి వచ్చే డిస్క్ బోల్టులకి మరల మీద నీలం రంగు థ్రెడ్‌లాకర్ ముందే పూసి ఉంటుంది, మనవాళ్ళు దేన్నైనా లాక్‌టైట్ అనే అంటారు. అది ఉండాలి కూడా, బ్రేక్ వేసిన ప్రతిసారీ ఆ బోల్టుల మీద పడే అదురుకి అది లేకపోతే లూజ్ అయిపోతాయి. గొడవ ఎక్కడంటే, ఒకసారి విప్పి బిగించినప్పుడు పాత గమ్ గీకకుండా దాని మీదే కొత్తది రాస్తారు, ఇంకోసారి ఇంకో పొర, కొన్ని చోట్ల అయితే నీలం బదులు ఎర్రది రాసేస్తారు. ఎర్రది శాశ్వతంగా బిగించే వాటికి, వేడి చెయ్యకుండా రాదు. చేతికి ఏది దొరికితే అది, ఫెవిక్విక్ కూడా, వేసి పంపినవి చూశాను.

గట్టిపడిన ఆ గమ్‌ని నూనె ఏం చెయ్యలేదు. పైగా డబ్ల్యూడీ-40 కొడితే అది బోల్టు సందులోంచి జారి డిస్క్ ప్లేట్ మీదకి, అక్కడి నుంచి ప్యాడ్‌లలోకి వెళ్తుంది. రెజిన్ ప్యాడ్ నూనె పీల్చిందంటే ఇక దాన్ని పారెయ్యడమే, ఉప్పు కాగితం పెట్టి రుద్దినా రెండు రోజులకి మళ్ళీ కీచుమంటుంది. విప్పడానికి వెళ్ళి బ్రేక్ కూడా పోగొట్టుకోవడం అంటే ఇదే.

తుప్పా, గమ్మా అన్నది తెలుసుకోవడం తేలిక. ఆరు బోల్టుల్లో కనీసం ఒకటైనా వచ్చేది ఉంటుంది, ముందు దాన్ని విప్పి మరలు వెలుతుర్లో చూడండి. గోధుమరంగు పొడి ఉంటే తుప్పు, తెల్లటి పొడి ఉంటే అల్యూమినియం తుప్పు, నీలం పెచ్చులు ఉంటే మామూలు థ్రెడ్‌లాకర్, ఎరుపు కనిపిస్తే మిగతా ఐదిటినీ వేడి లేకుండా ముట్టుకోవద్దు. తిరిగే తీరులో కూడా తేడా ఉంది, తుప్పుది ఒకసారి కిర్రుమని వదిలాక చేత్తో తిరిగిపోతుంది, గమ్ ఉన్నది టక్కున వదిలినా చివరి మర దాకా బిగువుగానే వస్తుంది.

పరిష్కారం వేడి. హ్యాండ్ టూల్స్‌తో రాకపోతే ఆ చోట మాత్రం 250 డిగ్రీల దాకా వేడి చేసి, వేడి మీదే విప్పమని ఆ గమ్ తయారు చేసేవాళ్ళే రాస్తారు. దీనికి గ్యాస్ టార్చ్ అక్కర్లేదు, వాడొద్దు కూడా, హబ్ బేరింగుల సీళ్ళు కరిగిపోతాయి. సోల్డరింగ్ ఐరన్ చాలు. చక్రం ఊడదీసి డిస్క్ పైకి ఉండేలా నేల మీద పడుకోబెట్టి, ఐరన్ కొనని తిన్నగా బోల్టు గుంటలో పెట్టి పట్టుకోండి. 25 వాట్లది సరిపోదు, హబ్ మొత్తం అల్యూమినియం కాబట్టి వేడిని లాగేసుకుంటుంది, 60 వాట్లది అయినా తీసుకోండి. కొన్ని నిమిషాలకి కాలిన ప్లాస్టిక్ లాంటి వాసన సన్నగా వస్తుంది, బోల్టు తల చుట్టూ చిన్న బుడగ లాంటిది కూడా కొన్నిసార్లు కనిపిస్తుంది. ఐరన్ తీసెయ్యండి, ఆలస్యం చెయ్యకుండా టీ25 దించండి, ఒక చేత్తో పైనుంచి బరువంతా వేసి నొక్కుతూ ఇంకో చేత్తో నిదానంగా తిప్పండి. కుదుపుతో లాగొద్దు. ముందు ఒక పిసరు బిగించే వైపు, తర్వాత విప్పే వైపు. రాకపోతే మళ్ళీ వేడి, ఇంకా గట్టిగా కాదు.

ఇంకో మాట, ఆరిటినీ ముందు తలా ఒక పావు చుట్టు లూజ్ చేసి, అప్పుడు బయటికి తియ్యండి. ఐదు పూర్తిగా తీసేసి ఆరోది వదిలేస్తే బరువంతా దాని మీదే పడి ఇరుక్కుంటుంది. పాత షిమానో డిస్కుల్లో అయితే రెండేసి బోల్టుల కింద ఒక పల్చటి రేకు ఉండి, దాని అంచు బోల్టు తలకి ఆనుకునేలా పైకి వంచి ఉంటుంది, ముందు దాన్ని స్క్రూడ్రైవర్‌తో కిందకి వంచాలి. ఆ రేకు చూడకుండా కుస్తీ పట్టేవాళ్ళు కూడా తక్కువేం లేరు.

క్యాలిపర్ బోల్టు చుట్టూ తెల్లటి పొడి, లేదా తుప్పు

వైజాగ్ బీచ్ రోడ్డు, భీమిలి, కాకినాడ వైపు తిరిగే సైకిళ్ళకి ఇది మామూలే. ఉప్పు గాలి, స్టీలు బోల్టు, అల్యూమినియం ఫోర్క్, ఈ మూడూ కలిస్తే లోపల అల్యూమినియం పొడిబారి ఉబ్బి బోల్టుని పట్టేస్తుంది. ఇక్కడ నూనె పని చేస్తుంది, కానీ స్ప్రే చెయ్యకండి. చక్రం, ప్యాడ్‌లు రెండూ తీసేసి పక్కన పెట్టి, సిరంజితో పెనట్రేటింగ్ ఆయిల్ (సందుల్లోకి దిగే పల్చటి నూనె) రెండు చుక్కలు బోల్టు మొదట్లో వేసి రాత్రంతా వదిలెయ్యండి. పొద్దున మరుగుతున్న నీళ్ళు ఆ చోట మెల్లగా పొయ్యండి, అల్యూమినియం స్టీలు కంటే దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది కాబట్టి పట్టు కొంచెం వదులుతుంది. హైడ్రాలిక్ క్యాలిపర్ దగ్గర సోల్డరింగ్ ఐరన్, హీట్ గన్ పెట్టొద్దు, లోపల రబ్బరు సీళ్ళు, ఆయిల్ ఉంటాయి.

తల పోయింది, ఇప్పుడేంటి

4 ఎంఎం ఎలన్ గుంట అరిగిపోతే టీ25 బిట్‌ని సుత్తితో దిగ్గొట్టండి, అదీ లూజ్ అయితే టీ27. టీ25 గుంటే పోతే టీ27 దిగ్గొట్టడమే. 5 ఎంఎం క్యాలిపర్ బోల్టుకి టీ30. కొట్టేటప్పుడు హబ్ కింద చెక్క దన్ను పెట్టండి, లేకపోతే ఆ దెబ్బలన్నీ బేరింగులు తింటాయి.

అదీ కాకపోతే హ్యాక్సా బ్లేడుతో తల మీద గాడి కోసి వెడల్పు స్క్రూడ్రైవర్ పెట్టొచ్చు, లేదా తల బయటికి ఉంటే వైస్ గ్రిప్‌తో పక్కనుంచి పట్టుకుని తిప్పొచ్చు. ఇవేవీ పట్టకపోతే చివరాఖరికి డ్రిల్లింగ్. డిస్క్ బోల్టు ఎం5 కదా, 5 ఎంఎం బిట్‌తో సరిగ్గా మధ్యలో తల మందం వరకే డ్రిల్ చేస్తే తల ఊడి వచ్చేస్తుంది, మిగతా ఐదూ తీసేసి ఉంటే డిస్క్ ప్లేట్ పైకి వచ్చేస్తుంది. మిగిలిన మొండెం మీద ఇక బిగువు ఏం ఉండదు, ప్లయర్‌తో పట్టుకుంటే చాలాసార్లు తిరిగిపోతుంది. అందుకే తల డ్రిల్ చెయ్యడానికి భయపడొద్దు గానీ, మరల లోపలికి డ్రిల్ దించడానికి మాత్రం భయపడండి. ఇరుక్కున్న బోల్టుని లోపల్నుంచి పట్టి తిప్పే స్క్రూ ఎక్స్‌ట్రాక్టర్ ఇంత చిన్న బోల్టులో విరిగితే దాన్ని మామూలు డ్రిల్ బిట్ కొయ్యలేదు, నేనైతే పెట్టను.

ప్యాడ్ పిన్ను కొంచెం తిరిగి ఆగిపోతోంది

అటు చివర చిన్న క్లిప్పు ఉంటుంది చూడండి, అది తియ్యలేదు మీరు. తీశాక కూడా బిగువుగా ఉంటే పిస్టన్లని వెనక్కి నొక్కి ప్యాడ్‌లు లూజ్ చెయ్యండి, అవి పిన్నుని పక్కకి నొక్కి పట్టుకుని ఉంటాయి. స్క్రూడ్రైవర్ గాడి ఉన్నదైతే గాడి పూర్తి వెడల్పు ఉన్న బ్లేడు వాడండి.

మిగతా సమస్యలు అంత తరచుగా రావు. బ్రేక్ ఆయిల్‌లోంచి గాలి తీసే బ్లీడ్ నిపుల్ ఇరుక్కుంటే 7 లేదా 8 ఎంఎం రింగు పానా పెట్టండి, మూతి పానా వద్దు. సెంటర్‌లాక్ డిస్క్ (ఆరు బోల్టుల బదులు ఒకే రింగుతో బిగించేది) రింగు మామూలుగానే 40 న్యూటన్ మీటర్ల (బిగువు కొలత) మీద బిగించి ఉంటుంది కాబట్టి పొడుగు హ్యాండిల్ పెట్టి తిప్పితే వస్తుంది. హబ్‌లో మరలే పోతే లేత్ షాపులో ఎం5 హెలికాయిల్ (కొత్త మరలుగా పనిచేసే తీగ చుట్ట) వేయించుకోవచ్చు.

తిరిగి బిగించేటప్పుడు కొత్త బోల్టులే వెయ్యండి. హబ్ మరల్లో పాత గమ్‌ని చిన్న బ్రష్షు, ఆసిటోన్ పెట్టి పూర్తిగా తుడిచి, కొత్త బోల్టుకి ముందే పూత ఉంటే ఇంకేం రాయొద్దు, లేకపోతే నీలం ఒక్క చుక్క. షిమానో డిస్కులకి 2 నుంచి 4 న్యూటన్ మీటర్లు, స్రామ్ కంపెనీ వాటికి 6.2, ఎదురెదురు బోల్టులు మార్చి మార్చి బిగించండి. గమ్ పూర్తిగా గట్టిపడటానికి 24 గంటలు పడుతుంది, ఈలోపు సరిగ్గా బిగిందా లేదా అని మళ్ళీ మళ్ళీ తిప్పి చూడకండి, ఆరుతున్న పట్టు కాస్తా విరిగిపోతుంది.