డ్రాగన్ గుహలోకి ఆటగాళ్లను దింపే ముందు

మే నెల వచ్చిందంటే బెంగళూరు, హైదరాబాదు పోయిన దోస్తులంతా కర్నూలు దిగుతారు. ఏడాది పొడుగునా ఫోన్లలో గంటా గంటన్నరా సాగదీసిన కథను అప్పుడు మా మిద్దె మీద చాప పరుచుకుని, ఎదురెదురుగా కూర్చుని ఆడతాం. అందుకే డ్రాగన్‌ను ఎప్పుడూ మే నెలకే అట్టిపెడతాను. చిక్కేమిటంటే ఆ ఒక్క రాత్రి చెడిపోతే మళ్లీ ఏడాది ఆగాలి. ఒకరు కథ నడిపితే మిగతావాళ్లు ఒక్కో పాత్రగా పాచికలేసి ఆడే డంజియన్స్ అండ్ డ్రాగన్స్ ఆట 1974లో అచ్చయింది, పేరులోనే డ్రాగన్ ఉంది. అయినా ఆట నడిపే డీఎంలు ఎక్కువగా తడబడేది డ్రాగన్ దగ్గరే. నేను రెండుసార్లు తడబడ్డాను. ఒకసారి అటు, ఒకసారి ఇటు.

ఇక్కడ చెప్పే అంకెలు 2014 నాటి ఐదో ఎడిషన్‌వి. మా దగ్గర ఉన్నవి ఆ పుస్తకాలే.

మొదటిసారి ఐదుగురు ఆటగాళ్లు, అందరూ 5వ లెవెల్. ఎదురుగా యంగ్ బ్లూ డ్రాగన్, అంటే ఇంకా వయసు రాని నీలి డ్రాగన్. మన ఎండునేలకు అదే సరి అనుకున్నాను. ఎర్రది నిప్పు కక్కుతుంది, నల్లది ఆమ్లం, నీలిది పిడుగు. ఉండేది కూడా ఎడారుల్లోనే. దాని ఊపిరి 60 అడుగుల పొడుగు, 5 అడుగుల వెడల్పుతో గీత గీసినట్టు పోతుంది. మావాళ్లు ఇరుకు సొరంగంలో రేషన్ షాపు ముందు నిలబడ్డట్టు ఒకరి వెనక ఒకరు వచ్చారు. నేను ఉత్సాహంగా పది ముఖాల పాచికలు పది దొర్లించాను. 67 పడింది. మాంత్రికుడికి ఉన్నవే 32 హిట్ పాయింట్లు, అంటే ప్రాణం లెక్క; పైగా దెబ్బ తప్పించుకోవడానికి వేసే పాచిక, సేవింగ్ త్రో కూడా పోయింది. 67లో 32 పోతే మిగిలింది 35. మిగిలిన దెబ్బ మనిషి పూర్తి హిట్ పాయింట్లకు సమానమైనా, మించినా స్పృహ తప్పడం కాదు, అక్కడికక్కడే చావు. బతికించుకోవడానికి టర్న్‌కొకటి వేసే పాచిక ఛాన్సు కూడా ఉండదు. మావాడు ఆ మాంత్రికుడిని రెండేళ్లు ఆడాడు. "ఏమప్పా, ఇంగ లెయ్యడా వీడు?" అని అడిగి, పెన్సిల్ పక్కన పెట్టి, మిగతా మూడు గంటలూ సెల్ చూసుకుంటూ కూర్చున్నాడు.

కాబట్టి ముందు రోజే చేసుకోవాల్సిన లెక్క ఒకటుంది. ఒక్కో ఆటగాడి పూర్తి హిట్ పాయింట్లను రెట్టింపు చేసి ఒక చీటీ మీద రాసుకోండి. ఏ దెబ్బా తినని మనిషిని డ్రాగన్ ఊపిరి ఒక్క దెబ్బకు చంపాలంటే ఆ రెట్టింపు అంకెను అందుకోవాలి. మా మాంత్రికుడికి అది 64. యంగ్ బ్లూ ఊపిరి సగటు 55, అంటే వాడు పడిపోయేవాడే గానీ పక్కవాళ్లు లేపుకునేవాళ్లు. పాచికలు దొర్లిస్తే మాత్రం అది 100 దాకా పోగలదు. అందుకే మొదటి ఊపిరికి నేనిప్పుడు పాచికలు ముట్టను, పుస్తకంలో అచ్చయిన సగటే తీసుకుంటాను. అదే పెద్ద డ్రాగన్, అడల్ట్ బ్లూ, అయితే సగటే 66. వాడిని సగటుతోనే చంపేస్తుంది. ఆ చీటీ చూశాక ఏ వయసు డ్రాగన్‌ను దించాలో మీకే తెలిసిపోతుంది. లెవెల్ పట్టికలన్నీ దాని తర్వాతే.

రెండోసారి జరిగింది దీనికి తలకిందులు. మావాళ్లు 11వ లెవెల్‌కు ఎదిగారు, నేను 225 హిట్ పాయింట్ల అడల్ట్ బ్లూను తెచ్చాను. దాన్ని గుహ నడిమధ్యలో నేల మీద దింపి ఠీవిగా ఒక ప్రసంగం చెప్పించాను. ప్రసంగం అయ్యేలోపే ఐదుగురూ చుట్టూ చేరారు. మూడో రౌండ్‌లో చచ్చింది. "అంతేనా?" అన్నారు. ఆ అంతేనా నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

మా అవ్వతో పులిజూదం ఆడినవాణ్ని, అయినా ఇది ముందే తట్టలేదు. మూడు పులులు, పదిహేను మేకలు. పులి బలమంతా మేక మీదుగా దూకడంలో ఉంది, దూకడానికి అవతల ఖాళీ గడి ఉండాలి. మేకలు ఆ ఖాళీలను మూసేస్తే పులి ఎంత పెద్దదైనా కట్టేసినట్టే. డ్రాగన్ పోరు అంటే ఒక్క పులి, ఐదు మేకలు. దానికో టర్న్ వచ్చేలోపు అవతల ఐదు టర్న్‌లు. దీన్ని సరిచేయడానికే పెద్ద డ్రాగన్లకు లెజెండరీ యాక్షన్లు మూడు ఇచ్చారు. ఎదుటివాడి టర్న్ ముగిసిన ప్రతిసారీ ఒకటి వాడుకోవచ్చు, దాని సొంత టర్న్ మొదలవగానే మూడూ తిరిగొస్తాయి. తోకదెబ్బకు ఒకటి ఖర్చు, రెక్కలు కొట్టడానికి రెండు. ఆ రెక్కల దెబ్బే పులి దూకుడు అనుకోండి: 10 అడుగుల లోపున్నవాళ్లు సేవ్ తప్పితే దెబ్బ తిని కిందపడతారు, డ్రాగన్ 40 అడుగులు ఎగిరి అవతల వాలుతుంది. నేను ఆ రాత్రి మాటల్లో పడి వీటిని పూర్తిగా మరిచిపోయాను.

మరవకుండా ఉండటానికి చింతగింజలు. మూడు గింజలు ముందర పెట్టుకుని, వాడినప్పుడల్లా ఖర్చుకు తగ్గట్టు ఎడమ పక్కకు జరుపుతాను. ఆటగాళ్లకూ కనబడతాయి, ఇంకా రెండున్నాయిరా అని వాళ్లే భయపడతారు. లెజెండరీ రెసిస్టెన్స్‌కు వేరే మూడు గింజలు, సున్నం పూసినవి. సేవింగ్ త్రో పోయినా నెగ్గినట్టే మార్చుకునే అవకాశం రోజుకు మూడుసార్లే. దీన్ని ఊరికే "పని చేయలేదు" అనేస్తే మంత్రం వేసినవాడికి ఒళ్లు మండుతుంది. మెడ మీద ఒక పొలుసు భగ్గుమని నల్లబడి రాలింది, ఇంకా రెండు మెరుస్తున్నాయి అని చెప్పండి. తన మంత్రం వృథా కాలేదని వాడికీ అర్థమవుతుంది.

ఇక గుహ. అసలు జాగ్రత్త అంతా ఇక్కడే ఉంది. చాలామంది డ్రాగన్ గుహను ఫంక్షన్ హాలులా గీస్తారు. కర్నూలులో ఉండి ఆ పని చేయడం నేరం. ఒక పూట బెలుం గుహలకు పోయి రండి, ఇప్పుడు నంద్యాల జిల్లాలోకి పోయాయి గానీ మనవే. మొత్తం 3,229 మీటర్లలో మనల్ని తిప్పేది ఒకటిన్నర కిలోమీటరు దాకా. బయట ఎండ ఎట్లున్నా లోపల ఉక్క వేరు. పది నిమిషాల్లో చొక్కా వీపుకు అంటుకుంటుంది. లోపలికి గాలి పంపే గొట్టాల దగ్గర జనం గుమిగూడతారు. ఒకచోట నిటారుగా నడుస్తాం, ఇంకోచోట నడుం వంచి దూరతాం. సప్తస్వరాల గుహలో రాతిని తడితే మోగుతుంది. పాతాళగంగ దగ్గర నీళ్లు ఎటు పోతున్నాయో కనబడదు, చప్పుడే వినబడుతుంది. పోయినసారి పోయినప్పుడు నోట్‌బుక్‌లో రాసుకున్నవి మూడే: ఎక్కడ వంగాను, ఎక్కడ చెమట ఎక్కువైంది, ఎక్కడ నా గొంతు నాకే తిరిగి వినబడింది. నా మ్యాపు ఆ మూడింటితోనే తయారైంది.

ఇరుకు దారులు గీశాక ఒక చిక్కు వస్తుంది. యంగ్ డ్రాగన్‌కు 10 అడుగుల చదరం చోటు కావాలి, అడల్ట్‌కు 15. ఆటగాళ్లు సందులో దూరితే అది వెనక సులువుగా రాలేదు, వాళ్లు అక్కడినుంచి బాణాలు వేసుకుంటూ కూర్చుంటారు. కానీ నీలి డ్రాగన్ ఊపిరికి ఇరుకు సందు తుపాకి గొట్టంతో సమానం, ముందే చూశాం కదా. ఆ సంగతి వాళ్లకు ముందుగా అందేలా చేయండి: సందు గోడల మీద నిలువునా కాలిన చార, గాజులా కరిగిన ఇసుక, మాడిన డాలు ఒకటి. చూసి కూడా అక్కడే నిలబడితే వాళ్ల ఖర్మ.

ఇంకోటి. నీలి డ్రాగన్ నేల తొలుచుకుని పోగలదు గానీ, మామూలుగా తొలిచే శక్తి గట్టిరాతిలో పనికిరాదు. బెలుంలాంటి సున్నపురాయి గుహ పెట్టుకుని నేలలోంచి డ్రాగన్ లేచింది అంటే నియమాలు చదివిన ఆటగాడు చెయ్యెత్తుతాడు. మా గుంపులో అట్లాంటివాడు ఒకడున్నాడు. నేలంతా మోకాలి లోతు ఇసుకని ఒక గది, గుల్ల మట్టితో ఇంకో గది పెట్టుకోండి. మిగతాది రాయి.

గుహ కూడా కొట్టాలి. అడల్ట్ డ్రాగన్ తన గుహలో ఉంటే ప్రతి రౌండ్‌లో ఇనిషియేటివ్ (ఎవరి టర్న్ ఎప్పుడో తేల్చే అంకె) 20 దగ్గర గుహ ఒక పని చేస్తుంది: పైకప్పు ఒకరి మీద కూలడం, కళ్లు కనబడనీయని ఇసుక మేఘం, గోడకూ గోడకూ మధ్య మెరుపు. ఒకే పనిని వరసగా రెండు రౌండ్లలో వాడకూడదు. దీన్నీ మరిచిపోతారు, కాబట్టి ఇనిషియేటివ్ చీటీల్లో "గుహ" అని ఒక చీటీ రాసి 20 అంకె దగ్గర పెట్టండి. కొత్త పుస్తకం, 2025లో వచ్చినది వాడేవాళ్లకు గుహ చేసే ఈ పని విడిగా ఉండదు. దానికి బదులు గుహలో ఉన్నప్పుడు లెజెండరీ యాక్షన్లు నాలుగవుతాయి. నాకు పాత పద్ధతే ఇష్టం. పైకప్పు కూలితే వచ్చే కేక నాలుగో గింజకు రాదు.

గుహ చేరకముందే, రెండు సిట్టింగుల ముందునుంచీ, డ్రాగన్ ఉందన్న వాసన తగలాలి. నీలి డ్రాగన్ ఉన్న చోట చుట్టూ ఆరు మైళ్లు ఉరుములు, పొలాల్లో సుడిగాలులు, గుహ చుట్టూ కంటికి కనబడని గుంటలు. అనంతపురం వైపు ఎండాకాలం బస్సులో పోయినవాడికి సుడిగాలి వర్ణించి చెప్పే పనే లేదు. కొన్నేళ్ల కిందట కడప దగ్గర చింతకొమ్మదిన్నె వైపు నేల గుండ్రంగా కుంగిపోయిన ఫొటోలు పేపర్లో చూసినవాళ్లకు గుంటలూ అంతే.

డ్రాగన్‌కు పారిపోయే దారి గీయండి. వయసొచ్చిన డ్రాగన్ అంటే నూరేళ్లు దాటినది. అన్నేళ్లు బతికింది ప్రతి పోట్లాటలో చివరిదాకా నిలబడి కాదు. సగం హిట్ పాయింట్లు పోగానే పైనున్న బిలంలోంచి ఎగిరిపోతుందని ముందే రాసి పెట్టుకోండి. అక్కడికక్కడ నిర్ణయిస్తే, ఓడిపోతున్నావని పారిపోయావు అంటారు. ఒక్కసారి ఎగిరితే 80 అడుగులు, మనుషులు నడిచేది 30. ఎవరూ పట్టుకోలేరు, తిరిగొస్తుందన్న భయంతో సొమ్ము మూటగడతారు.

సొమ్ము విషయంలో గుప్తనిధుల బుద్ధి బయటపడుతుంది. మావాళ్లు ఒకసారి పదివేల బంగారు నాణేలు చూసి ఎగిరి గంతేశారు. నియమాల్లో 50 నాణేలు ఒక పౌండు, అంటే 200 పౌండ్లు, తొంభై కిలోల పైమాటే. బలం 10 ఉన్న మనిషి మోయగలిగేది 150. మోసేదెవరు, కాపలా ఎవరు, గాడిదను ఎక్కడ కట్టేశాం అని గంటన్నర వాదించుకున్నారు. వాదన మీకిష్టమైతే నాణేలు పెట్టండి, తెల్లారేలోపు ముగించాలంటే రాళ్లు పెట్టండి. తొలకరికి జొన్నగిరి, తుగ్గలి పొలాల్లో జనం వజ్రాలు వెతకడం చూసిన ఊళ్లవాళ్లం, పిడికెడు రాళ్ల విలువ చెప్పక్కర్లేదు.

కూర్చునే చోటు గురించి కొంచెం. ఇంట్లో బేతంచెర్ల బండలు పరిచి ఉంటే గళ్ల కాగితం అక్కర్లేదు. సుద్దముక్కతో ఒక్కో బండను నాలుగు గళ్లు చేయండి, గడి 5 అడుగులు. యంగ్ డ్రాగన్‌కు సరిగ్గా ఒక బండ పడుతుంది, అడల్ట్‌కు ఒక్కో వైపు ఒకటిన్నర. మిద్దె మీద ఆడితే గాలికి కాగితాలు నిలవవు, చీటీల మీద బరువుకు శెనక్కాయలు పనికిరావు, తినేస్తారు. మే నెల సాయంత్రాలు ఉరిమిందంటే ఆట ఏ రౌండ్‌లో ఉన్నా కిందికి దిగండి. మా డ్రాగన్ పిడుగు కాగితం మీదిది, పైనున్నది కాదు.

కూర్చోబెట్టే ముందు ఒక్కొక్కరినీ విడిగా అడగండి: ఈ రాత్రి నీ మనిషి చచ్చిపోతే పర్లేదా? పోయినేడు మా చిన్నాన్న కొడుకు, ఇంటర్ పిల్లోడు, మొదటిసారి వచ్చాడు. "చచ్చినా పర్లేదన్నా" అన్నాడు గానీ కళ్లు వేరే చెప్పాయి. వాడి కోసం ముందే ఇంకో మనిషిని తయారుచేసి, డ్రాగన్ బోనులో బందీగా పెట్టి, ఆ కాగితం నా పుస్తకం కింద దాచాను. మూడో రౌండ్‌లో వాడు పడ్డాడు, ఎవరూ లేపలేకపోయారు. కాగితం తీసి వాడి చేతికిచ్చాను. రెండు నిమిషాలు చదువుకుని, "అన్నా, ఈ బోను తాళం ఎవరి దగ్గరుండాది?" అన్నాడు. ఆట మూడున్నరకు ముగిసింది. సొమ్ము పంపకం పొద్దున ఉగ్గాని, బజ్జీ దగ్గర చేసుకున్నాం.