లినక్స్‌లో లాగిన్ తెర రాకపోతే: ఫార్మాట్‌కు ముందు చూడవలసినవి

2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు ముగిసింది. విండోస్ 11 ఎక్కని పాత కంప్యూటర్లను మూలన పడేయలేక వాటిలో విండోస్‌కు బదులు లినక్స్ రకాలైన మింట్ గాని ఉబుంటు గాని వేయించుకున్నవారు మా ఒంగోలు చుట్టుపక్కల నాకు తెలిసినవారిలోనే చాలామంది ఉన్నారు. చీమకుర్తిలో గ్రానైటు లెక్కలు రాసేవారు, టంగుటూరు వైపు పొగాకు రైతులు, నెల్లూరు జిల్లా అల్లూరు, ఇందుకూరుపేట ప్రాంతాల్లో రొయ్యల మేత అమ్మేవారు వారిలో ఉన్నారు. వారి నుంచి నాకు ఎక్కువగా వచ్చే ఫోను ఇది: “అన్నా, ఆన్ చేస్తే కంపెనీ గుర్తు వస్తంది, ఆ తరవాత అంతా నలుపే, పాస్‌వర్డ్ అడిగేది రాట్లా.”

ఆ మాటకు చాలా దుకాణాల్లో దొరికే జవాబు “ఫార్మాట్ కొట్టాలి” అన్నదే. ఆ జవాబును నేను ఒప్పుకోను. మూడేళ్ల మేత అరువు లెక్కలను ఒక వ్యాపారి అలాగే పోగొట్టుకోవడం నేను చూశాను. లాగిన్ తెర ఎందుకు రాలేదో ఆ దుకాణంలో ఎవరూ చూడలేదు, ఫార్మాట్ అయిన తరువాత చూడటానికి ఏమీ మిగలలేదు. పాస్‌వర్డ్ అడిగే తెరను చూపించేది ఒక చిన్న ప్రోగ్రాము మాత్రమే. అది లేవనంత మాత్రాన మన ఫైళ్లు పోయినట్లు కాదు. దానికోసం డిస్కు మొత్తం తుడిచివేయడం ఎలుకల బాధకు ఇల్లు తగలబెట్టుకోవడం వంటిది.

ఇక్కడ ఆదేశాలను పలికే తీరులో తెలుగులో రాస్తున్నాను. కంప్యూటరులో వాటిని ఇంగ్లీషు చిన్న అక్షరాలతో కొట్టాలి. ‘సుడో’ అంటే ఎస్, యూ, డీ, ఓ; ఆ పనిని పూర్తి అధికారంతో చేయమనడం అది. ‘సిస్టమ్‌సీటీఎల్’, ‘జర్నల్‌సీటీఎల్’ అన్నచోట సిస్టమ్, జర్నల్ అనే మాటలకు సీ, టీ, ఎల్ అక్షరాలను ఖాళీ వదలకుండా చేర్చాలి. అడ్డగీతలను ఉన్నవి ఉన్నట్లే కొట్టాలి.

ఎక్కడిదాకా వచ్చి ఆగింది?

మీట నొక్కినప్పటి నుంచి లాగిన్ తెర వచ్చేవరకు పని చేతులు మారుతూ వస్తుంది. మదర్‌బోర్డులోని బయోస్ లేదా యూఈఎఫ్ఐ మొదట లేచి, ఏ సిస్టమ్‌ను లేపాలో చూసే గ్రబ్ అనే ప్రోగ్రామును పిలుస్తుంది. గ్రబ్ లినక్స్‌కు గుండెకాయ వంటి కెర్నెల్‌ను మెమరీలోకి ఎక్కిస్తుంది. కెర్నెల్ డిస్కును తెరిచి సిస్టమ్‌డీకి పగ్గాలు అప్పగిస్తుంది. సిస్టమ్‌డీ మిగతా సేవలన్నీ లేపుతూ డిస్‌ప్లే మేనేజర్‌ను కూడా లేపుతుంది. లాగిన్ తెరను గీసేది ఈ డిస్‌ప్లే మేనేజరే. ఉబుంటులో దాని పేరు జీడీఎమ్, మింట్‌లో లైట్‌డీఎమ్, కేడీఈ డెస్క్‌టాప్ వాడేవారికి చాలావరకు ఎస్‌డీడీఎమ్. పని ఏ చేతిలో ఆగిందో తెలిస్తే సగం మరమ్మతు అయినట్లే.

కంపెనీ గుర్తు కూడా రాకపోతే అది లినక్స్ తప్పు కాదు. ర్యామ్, కేబుల్, మానిటరు చూసుకోవాలి. సముద్రపు గాలి తగిలే ఊళ్లలో ర్యామ్ పలకల అంచులకు చిలుము పట్టడం మామూలు; కరెంటు తీగ తీసివేసి, పలకను బయటకు తీసి, అంచును రబ్బరుతో మెల్లగా రుద్ది మళ్లీ బిగిస్తే కొన్నిసార్లు సరిపోతుంది. విడిగా గ్రాఫిక్స్ కార్డు ఉన్న డెస్క్‌టాప్‌లో మానిటరు కేబుల్ ఆ కార్డుకే ఉన్నదా, పొరపాటున మదర్‌బోర్డుకు పెట్టారా అన్నది కూడా చూడాలి. దుమ్ము దులిపించిన మరునాడు తెర రాలేదంటే నేను మొదట అడిగేది ఇదే.

గుర్తు వచ్చి, ఆ తరువాత తెర నల్లగా ఉండిపోతే కంట్రోల్, ఆల్ట్ మీటలను పట్టుకుని ఎఫ్3 నొక్కాలి. కొన్ని ల్యాప్‌టాప్‌లలో ఎఫ్ఎన్ మీట కూడా కలపాలి. నల్లతెర మీద తెల్ల అక్షరాలతో ‘లాగిన్’ అని కనిపిస్తే సంతోషించాలి, ఎందుకంటే కెర్నెల్, డిస్కు, సిస్టమ్‌డీ అన్నీ బాగున్నాయని, చిక్కు ఆ చివరి మెట్టు దగ్గరే ఉన్నదని దాని అర్థం. అక్కడ మీ పేరు, పాస్‌వర్డ్ కొట్టాలి. పాస్‌వర్డ్ కొట్టేటప్పుడు చుక్కలు కూడా కనిపించవు. అక్షరాలు పడటం లేదనుకుని ఆగిపోవద్దు.

ఎఫ్3కి బదులు రాకపోతే, పవర్ బటన్‌ను పట్టుకుని ఆపే ముందు ఆల్ట్, ప్రింట్ స్క్రీన్ మీటలను పట్టుకుని ఎస్, యూ, బీ అక్షరాలను రెండు మూడు క్షణాల తేడాతో వరుసగా నొక్కి చూడండి. డిస్కుకు రాయవలసింది రాసి, ఇక రాయకుండా మూసి, యంత్రాన్ని తిరిగి లేపమని కెర్నెల్‌కు నేరుగా చెప్పడం ఇది. ఉబుంటు, మింట్‌లలో ఈ మూడు అక్షరాలకు ముందుగానే అనుమతి ఉంటుంది.

డిస్కు నిండిపోవడం

నేను చూసినవాటిలో అన్నిటికంటే ఎక్కువ కనిపించిన కారణం ఇదే, అన్నిటికంటే తక్కువమంది అనుమానించేదీ ఇదే. డిస్‌ప్లే మేనేజర్ లేచేటప్పుడు కొన్ని చిన్న ఫైళ్లు రాసుకోవాలి. చోటు లేకపోతే అది పడిపోతుంది, సిస్టమ్‌డీ మళ్లీ లేపుతుంది, మళ్లీ పడిపోతుంది, మనకు తెర మీద మినుకుమినుకుమనడమే కనిపిస్తుంది. అక్షరాల తెరలో ‘డీఎఫ్ -హెచ్’ అని కొట్టి, చివరి గడిలో ఒంటి ‘/’ గుర్తు ఉన్న వరుసను చూడండి. అక్కడ 100 శాతం అని ఉంటే దొంగ దొరికినట్లే. ఈఎక్స్‌టీ4 పద్ధతిలో తయారైన డిస్కు భాగంలో 5 శాతం చోటును రూట్ (యంత్రం మీద పూర్తి అధికారం ఉన్న ఖాతా) కోసం ముందే పక్కన పెట్టి ఉంచుతారు. మామూలు ప్రోగ్రాములకు చోటు లేదనిపించినా, సుడోతో శుభ్రం చేసే వీలు మనకు మిగిలేది అందువల్లనే.

మొదట ‘సుడో ఏపీటీ క్లీన్’ కొట్టండి; దించుకుని వాడేసిన ప్యాకేజీల (ప్రోగ్రాముల) మూటలు పోతాయి. తరువాత ‘సుడో జర్నల్‌సీటీఎల్ --వాక్యూమ్-సైజ్=200ఎమ్’ కొడితే పాత చిట్టాలు తగ్గి 200 మెగాబైట్లకు వస్తాయి; ఇందులో చివరి ఎమ్ ఒక్కటి పెద్ద అక్షరం. ఆ పిదప ‘సుడో ఏపీటీ ఆటోరిమూవ్’ పాత కెర్నెళ్లను తీసివేస్తుంది, అయితే ఏమేమి తీసివేయబోతున్నదో చూపే జాబితాను చదివిన తరువాతే వై నొక్కాలి. మింట్ వాడేవారు, సిస్టమ్‌కు ప్రతులు తీసి దాచే టైమ్‌షిఫ్ట్ ప్రోగ్రామును తప్పక చూడాలి. అది తీసే పాత ప్రతులు, వేరే చోటు చూపించకపోతే, అదే డిస్కు భాగంలో పేరుకుపోతాయి. 120 జీబీ ఎస్ఎస్‌డీ ఉన్న యంత్రాన్ని నింపడానికి అవి చాలు. ‘సుడో టైమ్‌షిఫ్ట్ --లిస్ట్’ వాటిని చూపిస్తుంది, ‘సుడో టైమ్‌షిఫ్ట్ --డిలీట్’ కొడితే ఏది తీసివేయాలో అడుగుతుంది. కొన్ని జీబీల చోటు దొరికాక ‘సుడో రీబూట్’ అనాలి.

అప్‌డేట్ మధ్యలో కరెంటు పోవడం

2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటిన వారంలో నాకు వచ్చిన ఫోన్లలో ఎక్కువ ఈ రకానివే. అప్‌డేట్ నడుస్తూ ఉండగా కరెంటు పోతే కొన్ని ప్యాకేజీలు విప్పబడి, అమర్చబడకుండా సగంలో ఉండిపోతాయి, డిస్‌ప్లే మేనేజర్ వాటిలో ఒకటి కావచ్చు. దీనికి మందు ‘సుడో డీపీకేజీ --కాన్ఫిగర్ -ఏ’. ఆగిపోయిన పనిని ఆగిన చోటు నుంచి అది పూర్తి చేస్తుంది. తరువాత ‘సుడో ఏపీటీ --ఫిక్స్-బ్రోకెన్ ఇన్‌స్టాల్’ తగ్గిన ప్యాకేజీలను తెచ్చి కలుపుతుంది; దీనికి ఇంటర్నెట్ కావాలి. ఆ తెరలో వైఫై కలపడం కొత్తవారికి కష్టం కనుక, ఫోనును యూఎస్‌బీ తీగతో కలిపి టెథరింగ్ పెట్టడం తేలిక. ఇంకా తెర రాకపోతే ‘సుడో ఏపీటీ ఇన్‌స్టాల్ --రీఇన్‌స్టాల్ లైట్‌డీఎమ్’ అనాలి, ఉబుంటులో అయితే చివరి మాట ‘జీడీఎమ్3’. దీనివల్ల మీ ఫైళ్లకు ఏమీ కాదు.

కరెంటు పోవడం వల్లనే వచ్చే మరొక స్థితి ఉంది. తెర మీద ‘ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్’ అన్న మాట కనిపించి, అక్కడే మెరిసే గీతతో ఆగిపోతుంది. డిస్కు మీది పద్దు చెదిరిందని, కెర్నెల్ దాన్ని తెరవడానికి ఒప్పుకోవడం లేదని అర్థం. పై వరుసల్లో ఏ భాగం చెడిందో దాని పేరు, ఉదాహరణకు ‘/డెవ్/ఎస్‌డీఏ2’, ఉంటుంది. ‘ఎఫ్ఎస్‌సీకే’ తరువాత ఆ పేరును కొట్టి, అడిగినప్పుడల్లా వై నొక్కి, అయిపోయాక ‘ఎగ్జిట్’ అనాలి. అయితే ఇది వారానికొకసారి వస్తూ ఉంటే డిస్కు చచ్చిపోతున్నట్లు అనుమానించాలి. అప్పుడు మరమ్మతు మొదలుపెట్టే ముందే లినక్స్ ఉన్న పెన్‌డ్రైవ్‌తో యంత్రాన్ని లేపి, ముఖ్యమైన ఫైళ్లను బయటి డిస్కుకు ఎక్కించుకోవాలి. ఈ వరుసను తారుమారు చేయవద్దని గట్టిగా చెబుతున్నాను.

గ్రాఫిక్స్ డ్రైవరు

కొత్త కెర్నెల్ వచ్చిన మరునాటి నుంచి నలుపైతే, అందులోనూ ఎన్విడియా కార్డు ఉంటే, డ్రైవరు (కార్డును నడిపే ప్రోగ్రాము) కొత్త కెర్నెల్‌కు అమరలేదని అనుకోవచ్చు. యంత్రం లేచేటప్పుడు పాత బయోస్ అయితే షిఫ్ట్ పట్టుకుని, యూఈఎఫ్ఐ అయితే ఎస్కేప్ తట్టి గ్రబ్ జాబితాను రప్పించండి. ‘అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్’లోకి వెళ్లి పాత కెర్నెల్‌ను ఎంచుకుంటే తెర వస్తే, ఆ రోజు పనికి లోటు ఉండదు.

పాతదీ పని చేయకపోతే, గ్రబ్‌లో మొదటి వరుస మీద ఉండి ఇంగ్లీషు ‘ఈ’ (e) అక్షరం నొక్కి, ‘లినక్స్’ అనే మాటతో మొదలయ్యే వరుస చివర ఖాళీ వదిలి ‘నోమోడ్‌సెట్’ అని చేర్చి ఎఫ్10 నొక్కాలి. ఆ వరుసలోనే ఉన్న ‘క్వయట్ స్ప్లాష్’ అనే రెండు మాటలను తీసివేస్తే, ఎక్కడ ఆగుతున్నదో అక్షరాల్లో కనిపిస్తుంది. నోమోడ్‌సెట్‌తో తెర మొద్దుగా వస్తుంది గాని వస్తుంది. ఇది ఆ ఒక్కసారికే పని చేస్తుంది కనుక భయం లేదు. లోపలికి వెళ్లాక డ్రైవర్ మేనేజర్‌లో సిఫారసు చేసిన డ్రైవరును తిరిగి ఎక్కించాలి. బాగా పాత కార్డులకు వాడే 390 వరుస డ్రైవర్లకు 2022 చివరితో కంపెనీ మద్దతు ఆగిపోయింది. అలాంటి కార్డుకు ‘నూవో’ అనే స్వేచ్ఛా డ్రైవరుతో సరిపెట్టుకోవడమే మేలు. సెక్యూర్ బూట్ (నమ్మిన ప్రోగ్రాములనే లేవనిచ్చే కాపలా) ఆన్‌లో ఉన్న యంత్రంలో డ్రైవరు వేశాక రీబూట్‌లో వచ్చే నీలి తెరను చాలామంది అర్థం కాక దాటవేస్తారు. వేసేటప్పుడు పెట్టిన పాస్‌వర్డ్‌ను అక్కడ ఇచ్చి తాళంచెవిని (కీ) నమోదు చేయకపోతే కెర్నెల్ ఆ డ్రైవరును లోపలికి రానివ్వదు.

పైవేవీ కాకపోతే ‘సిస్టమ్‌సీటీఎల్ స్టేటస్ డిస్‌ప్లే-మేనేజర్’ అని అడగండి. ‘ఫెయిల్డ్’ అని ఉంటే ‘జర్నల్‌సీటీఎల్ -బీ -పీ ఈఆర్ఆర్’ ఈసారి లేచినప్పటి తప్పులన్నీ చూపిస్తుంది. అసలు ఆ సేవే లేదంటే, ఒకే యంత్రంలో రెండు రకాల డెస్క్‌టాప్ తెరలు వేసుకున్నవారికి జరిగినట్లు ఎంపిక చెదిరి ఉండవచ్చు. ‘సుడో డీపీకేజీ-రీకాన్ఫిగర్ లైట్‌డీఎమ్’ ఏది కావాలో తిరిగి అడుగుతుంది. ‘సిస్టమ్‌సీటీఎల్ గెట్-డిఫాల్ట్’కు ‘గ్రాఫికల్.టార్గెట్’ కాక వేరే జవాబు వస్తే ‘సుడో సిస్టమ్‌సీటీఎల్ సెట్-డిఫాల్ట్ గ్రాఫికల్.టార్గెట్’ కొట్టాలి.

ఇంత చూసినా తేలక ఎవరికైనా అప్పగించవలసి వస్తే, అక్షరాల తెర వస్తున్నదా లేదా, డీఎఫ్ ఎంత శాతం చూపింది, చివరిగా అప్‌డేట్ ఎప్పుడు చేశారు అన్న మూడు సంగతులను కాగితం మీద రాసి, తప్పుల వరుసలను ఫోనుతో ఫొటో తీసి ఇవ్వండి. మీ ఫైళ్లుండే ‘హోమ్’ ఫోల్డరును బయటి డిస్కుకు ఎక్కించకుండా ఫార్మాట్ చేయవద్దని అదే కాగితం మీద పైన పెద్ద అక్షరాలతో రాయండి.